బ్యాటరీల యోగక్షేమాలు

విక్టోరియా
1993 నవంబరు 8

మరిది ఓరెస్ట్‌కి,

వదిన మర్తా రాసేది. నా ఎడమ మోకాలు తీసేసి కొత్తది పెట్టారు. ఏప్రిల్ దాకా అక్క ఇంట్లోనే ఉండమన్నాడు డాక్టరు. ఇక్కడ మంచు పడదు. వాన పడుతుంది, అక్క మాట్లాడుతుంది. రెండూ ఆగవు.

ఫోను చెయ్యకుండా ఉత్తరమెందుకంటే, మొన్న నేను పన్నెండు పాయింట్ ఏడు అంటే నువ్వు ‘పన్నెండో తారీఖు ఏడింటికా, సరే వస్తా’ అని పెట్టేశావు. నీ చెవుల సంగతి నాకు తెలుసు. అంకెలు కాగితం మీదే ఉండాలి.

మీ అన్న పోయాక ఇది మొదటి చలికాలం. పదకొండేళ్ళు, అక్టోబరు రాగానే నేనూ బోదానూ ఆ ఇంటిబండిలో ఎండ ఉన్న దేశానికి పోయి, మంచు కరిగాక తిరిగొచ్చేవాళ్ళం. పొయ్యి, మంచం, స్నానాల గది, అన్నీ చక్రాల మీదే. ఈ ఏడు అది మీ షెడ్డులో ట్రాక్టరు పక్కన నిలబడింది. నువ్వనుకుంటున్నట్టు దాని బ్యాటరీలు చూసుకున్నది మీ అన్న కాదు. స్టీరింగు ఆయనది, బ్యాటరీలు నావి. కాబట్టి చెప్పినట్టు చెయ్యి.

మెట్టు కింద పెట్టెలో రెండు బ్యాటరీలున్నాయి. బండిలో దీపాలకీ, గ్యాసు హీటరు ఫ్యానుకీ అవే ఆధారం. ఒక రోజంతా గోడ ప్లగ్గు పెట్టి నింపు. తరవాత ప్లగ్గు తీసేసి, నల్ల తీగ విప్పెయ్. నెల తిరిగాక మళ్ళీ ఒక రోజు. అంతకు మించి వద్దు. అందులో ఛార్జరు పాతది, కడుపు నిండిందన్నా వినకుండా వడ్డిస్తూనే ఉండే అత్తగారి లాంటిది. ప్లగ్గు తియ్యకుండా వదిలేస్తే బ్యాటరీలో నీళ్ళు మరిగి ఆవిరైపోతాయి. అందుకని మూతలు తీసి చూస్తుండు. లోపలి పలకలు మునిగి ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యి, కుళాయి నీళ్ళు కాదు. చూసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో, అది యాసిడ్.

ముందువైపు ఇంజను బ్యాటరీ ఒకటి వేరే ఉంది. వేరు కాపురం దానిది. గోడ ప్లగ్గు నుంచి దానికి చుక్క కూడా వెళ్ళదు. దాన్ని ఊడదీసి ఇంట్లోకి తెచ్చి పెట్టు.

నిండిన బ్యాటరీ మన ఊరి చలికి కూడా గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీ మామూలు చలికే గడ్డకట్టి పగులుతుంది. నిండినదానికి మీటరు 12.7 వోల్టులు చూపించాలి. అంకె రాసి పంపు.

ఏప్రిల్‌కి బండి పెళ్ళికూతురిలా ఉండాలి. ఎందుకని అడక్కు. మీ ఆవిడ సోన్యాని అడిగానని చెప్పు.

మర్తా


కనోరా, పొలం నుంచి
నవంబరు 27

వదినకి,

నీ ఉత్తరం అందింది. ముప్ఫై ఒక్కేళ్ళు స్కూలు బస్సు నడిపినవాడికి బ్యాటరీ గురించి చెప్పక్కర్లేదు. అయినా రెండుసార్లు చదివాను. 14వ తేదీ ఉదయం ఏడూ పదికి ప్లగ్గు పెట్టాను, 15న ఏడూ పదికి తీశాను. 12.7. ఇవాళ 12.4. బయట సున్నాకి ఇరవై రెండు కింద.

నెలకోసారి చూడమన్నావు. నేను రోజూ చూస్తున్నాను. ఆ విషయంలో నీకు బెంగ అక్కర్లేదు.

రెండు చిన్న సందేహాలు. బండిలో మంచం కుడిపక్కకి కుంగినట్టుంది, అది మొదటి నుంచీ అంతేనా? పక్కనించి నడుస్తుంటే కనిపించింది. ఇంకోటి, తలగడ వైపు దీపానికి బల్బు ఏ సైజుది? ఊరికే అడుగుతున్నాను.

మోకాలు జాగ్రత్త. సోన్యా కులాసాగానే ఉండుంటుంది.

ఓరెస్ట్


విక్టోరియా
డిసెంబరు 9

ఓరెస్ట్,

పన్నెండు రోజుల్లో 12.7 నుంచి 12.4కి దిగిందా? నల్ల తీగ విప్పిన బ్యాటరీ చలిలో ఎలుగుబంటిలా నిద్రపోతుంది. నెలైనా అంత దిగదు. తీగ విప్పావా? నిజం చెప్పు. ఇంకాస్త దిగిందంటే సగం ఖాళీ అయినట్టు. మీ జనవరి చలికి అది రాయైపోతుంది.

మంచం కుంగిన మాట పడుకుంటే తెలుస్తుంది గానీ, పక్కనించి నడిస్తే తెలియదు. పదకొండేళ్ళు పడుకున్నదాన్ని చెబుతున్నాను.

సోన్యా కులాసాగా ఉండుంటుందని రాశావు. ఒకే ఇంట్లో ఉన్న మనిషి గురించి రాసే మాటేనా అది? ఆదివారం ఫోను చేస్తే, నువ్వు బ్యాటరీల దగ్గరికి వెళ్ళావంది. బుధవారం చేస్తే బ్యాటరీల దగ్గరున్నావంది. శుక్రవారం సరిగ్గా భోజనం వేళకి చేశాను, అప్పుడూ బ్యాటరీలే. మీ అన్న నన్ను కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు.

మర్తా


కనోరా
1994 జనవరి 9

వదినకి,

బ్యాటరీ దిగడానికి కారణం కనిపెట్టాను. ఎలుకలు. తీగ కొరికినట్టున్నాయి. నువ్వు కోప్పడ్డావని డిసెంబరు 15న ప్లగ్గు పెట్టాను, ఇప్పటిదాకా తియ్యలేదు. ఇక దిగే ప్రసక్తే లేదు. మీటరు 13.8 చూపిస్తోంది, అంటే నువ్వడిగిన దానికంటే ఎక్కువే.

మొన్నటి నుంచి మెట్టు కింద ఏదో బుసబుసమంటోంది, కుళ్ళిన గుడ్ల వాసన వస్తోంది. మూతలు తీస్తే నీళ్ళు పలకల అంచుకి దిగున్నాయి. లీటరున్నర పట్టింది. డిస్టిల్డ్ వాటరే. సోన్యా ఇస్త్రీకి కొనుక్కున్న డబ్బాలోంచి తీసుకున్నాను. ఆవిడ చూసింది, మర్నాడు ఇంకో డబ్బా కొనుక్కుంది.

ఆరో తేదీన మన పాత పంచాంగం క్రిస్మస్ విందుకి ఇంట్లోకి వెళ్ళాను. ఆనవాయితీ ప్రకారం పన్నెండు వంటలూ చేసింది. గసగసాల గోధుమ పాయసం ఎప్పటిలాగే ఉంది. ఉప్పు అడిగాను, ఇచ్చింది.

ఓరెస్ట్


విక్టోరియా
జనవరి 21

ఓరెస్ట్,

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట నీలాంటివాడు. ఎలుకలు తీగలు కొరుకుతాయి, ఒప్పుకుంటాను. తలగడ వైపు బల్బు కావాలని అడగవు.

నీ అంకెలే నీ గుట్టు చెబుతున్నాయి. నీ షెడ్డులో ఉన్న ప్లగ్గు ఒక్కటే, అది నాకు తెలుసు. నవంబరులో ఆ ప్లగ్గుకి బండిని కాక ఇంకోదాన్ని తగిలించావు. చలికి తగిలించేది ఏముంటుంది, కరెంటు హీటరు. దీపాలన్నీ బ్యాటరీ మీద వెలిగాయి, అందుకే దిగింది. నేను తిట్టాక ఎక్కణ్ణించో ఇంకో తీగ లాగి, నెలరోజులు ఛార్జరుని వదిలేసి, నీళ్ళు మరిగించావు. పైగా ‘ఇంట్లోకి వెళ్ళాను’ అని రాశావు. సొంత ఇంట్లో విందుకి ఎవడైనా ఇంట్లోకి వెళ్తాడా?

నా బండిలో ఎవరుంటున్నారు, ఓరెస్ట్?

ఇంకో మాట. ఇంజను బ్యాటరీ ఇంట్లోకి తెచ్చావని ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. ముందు సీటు దగ్గర రేడియో దాని మీదే నడుస్తుంది. హాకీ ఆటలు మొదలై మూడు నెలలైంది. ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, వెంటనే వెళ్ళి దాన్ని చూడు.

మర్తా


కనోరా
ఫిబ్రవరి 3

వదినకి,

చూశాను. పగిలింది. సున్నాకి ముప్ఫై ఎనిమిది కింద పడిన రోజు గడ్డకట్టినట్టుంది. ఒక పక్క పొట్ట ఉబ్బి, మూల నుంచి అడ్డంగా బీట తీసింది. ప్లగ్గు పెట్టే ఉంది కదా, రేడియో ఎంతసేపు పాడితే ఏమిటిలే అనుకున్నాను. వేరు కాపురం సంగతి చదివాను గానీ బుర్రకెక్కలేదు. కొత్తది తెస్తాను.

బండిలో ఉంటున్నది నేనే. నవంబరు 16 నుంచి.

జరిగింది చెబుతాను, నవ్వకు. జూన్‌లో రిటైరయ్యానా, ఇంట్లో ఏం చెయ్యాలో తోచలేదు. సోన్యాకి సాయంగా ఉంటుందని ఒక టైం టేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఏడూ పదికి టీ, ఏడూ ముప్ఫై అయిదుకి గుడ్లు, పన్నెండూ అయిదుకి సూపు. కొన్నాళ్ళు ఊరుకుంది. ఒకరోజు సూపు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే గడియారం చూపించాను. గరిటె కింద పెట్టి, “షెడ్డులో ఒక బస్సుంది, వెళ్ళి దాన్ని నడుపుకో,” అంది. వెళ్ళాను. మర్నాడు రమ్మంటుందనుకున్నాను. అనలేదు. నాకై నేను వెళ్ళడానికి మొహం చెల్లలేదు. రోజూ మధ్యాహ్నం గుమ్మం ముందు గిన్నె పెట్టి వెళ్తుంది. కడిగి అక్కడే పెడతాను. అదీ మా కాపురం.

నా తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు నీ సంగతికి వద్దాం.

సోమవారం నేను ఉన్ని డ్రాయరూ బనీనూ వేసుకుని సాసేజి వేయించుకుంటుంటే, ఎవరో తలుపు తట్టి తెరిచారు. పొట్టిగా, కోటు వేసుకున్న పెద్దమనిషి. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. తన పేరు మెల్నిక్ అనీ, పళ్ళ డాక్టరుగా చేసి రిటైరయ్యాననీ, మర్తా గారు ఈ బండి అమ్ముతున్నారని ఉత్తరం రాస్తే చూడ్డానికొచ్చాననీ అన్నాడు. తరవాత గొంతు సవరించుకుని ఎంతో మర్యాదగా అడిగాడు: “తమరు బండితోపాటే వస్తారా?”

వదినా, అమ్ముతున్న సంగతి పళ్ళ డాక్టరు చెబితే నాకు తెలియాలా? మూడు నెలలుగా దానికి నీళ్ళు పోసిన నాతో ఒక్క ముక్క అనలేదు. ఆ ముందు సీట్లో కూర్చుని రేడియో పెడితే, పక్క సీట్లో అన్న ఉండి ఆటగాళ్ళని తిడుతున్నట్టే ఉంటుంది. హాకీ ఒక్కదాని కోసమే కాదు, అందుకు కూడా పెట్టాను.

ఓరెస్ట్


విక్టోరియా
ఫిబ్రవరి 14

ఓరెస్ట్,

నవ్వాను. అక్క కూడా నవ్వింది, రెండుసార్లు చదివించుకుంది. నీ ఉత్తరంలో చివరి నాలుగు వరుసలు మాత్రం ఆమెకి చదివి వినిపించలేదు.

చెప్పకపోవడం నా తప్పే. చెబితే వద్దంటావని తెలుసు. నువ్వు వద్దంటే, ఎందుకమ్ముతున్నానో చెప్పాల్సొస్తుంది. స్టీరింగు ఆయనది, బ్యాటరీలు నావి అని గొప్పగా రాశాను చూడు, అందులోనే ఉందంతా. ఎనిమిది మీటర్ల ఆ బండిని నేనెప్పుడూ ఒక్క గజం కూడా నడపలేదు. బోదాన్ నడపమనలేదు. నేనూ ఇమ్మనలేదు. పదకొండేళ్ళు పక్క సీట్లో కూర్చుని మ్యాపు మడతపెట్టాను. నడపలేని బండికి ఏటా బ్యాటరీలు నింపి దుప్పటి కప్పడం దేనికి? నాకు అరవై తొమ్మిది. పళ్ళ డాక్టరుగారికి ఏప్రిల్‌లో జవాబిస్తానని రాశాను.

ఇక నీ కాపురం. ముప్ఫై ఒక్కేళ్ళు ఊళ్ళో పిల్లలంతా నీ గడియారం ప్రకారం నడిచారు. నలభై ఏళ్ళు సోన్యా ఏ గడియారమూ లేకుండా నీకు వేళకి తిండి పెట్టింది. ఆ కాగితం వెళ్ళి చింపెయ్.

చింపడానికి ఇంకా మొహం చెల్లకపోతే, ఉన్నన్నాళ్ళు బుద్ధిగా ఉండు. ఛార్జరు ప్లగ్గు తీసెయ్, వారానికొక పగలు పెట్టు చాలు. కొత్త ఇంజను బ్యాటరీ ఇంట్లో పెట్టు. గ్యాసు హీటరు వెలిగిస్తే షెడ్డు పెద్ద తలుపు బారెడు తెరిచి ఉంచు, లేకపోతే ఆ పొగకి చస్తావు. దాని ఫ్యాను బ్యాటరీని మేకలా మేస్తుంది, కాబట్టి దీపం ఒక్కటే వెలిగించు.

మర్తా


కనోరా
మార్చి 4

వదినకి,

గతవారం గురువారం మంచు తుఫాను పట్టింది. శుక్రవారం పొద్దున్నకి రోడ్డంతా స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేసుకి కరెంటు లేనిదే ఫ్యాను తిరగదు. షెడ్డులో నా కరెంటు హీటరూ ఆరిపోయింది. అయితే ముందురోజే బ్యాటరీలు నింపాను, 12.7. పలకలు మునిగేలా నీళ్ళున్నాయి. షెడ్డు తలుపు తెరిచి, గ్యాసు హీటరు వెలిగించి, ఇంట్లోకి వెళ్ళి సోన్యాని ఎలా పిలవాలా అని ఆలోచిస్తున్నాను. బూట్లు వేసుకున్నాను, విప్పాను, మళ్ళీ వేసుకున్నాను.

పదకొండు గంటలకి తలుపు చప్పుడైంది. ఒక చేత్తో బొంత, ఒక చేత్తో గిన్నె, కనుబొమల దాకా మంచు.

“నీ హీటరు తిరుగుతోందా?” అంది.

“తిరుగుతోంది.”

“అయితే జరుగు.”

రెండు రోజులున్నాం. నువ్వు చెప్పినట్టు ఒక్కటే దీపం, అదీ తినేటప్పుడు మాత్రమే. గంటకోసారి మీటరు చూసి అంకె పైకి చదివాను. మొదట విసుక్కుంది, తరవాత తనే ‘ఎంతుంది’ అని అడగడం మొదలుపెట్టింది. బయట తెల్లగా తప్ప ఏమీ కనబడదు, ఎవరూ ఎక్కడికీ లేచి వెళ్ళడానికి లేదు, కాబట్టి మాట్లాడుకోక తప్పలేదు.

టైం టేబుల్ ఎందుకు రాశావని అడిగింది. ఏడూ పదికి ప్రతి గేటు దగ్గరా పిల్లలు నాకోసం నిలబడి ఉండేవాళ్ళు, ఇప్పుడు ఏడూ పదవుతుంది, నాకోసం ఎవరూ నిలబడరు, అన్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు ఇదివరకు. సోన్యా చాలాసేపు గిన్నె తుడిచింది.

“పొద్దస్తమానం ఎదురుగా ఉండేవాడికోసం ఎదురుచూడమంటే ఎలా చూస్తారు?” అంది. తరవాత ఇద్దరం నవ్వాం.

ఆదివారం కరెంటొచ్చింది. బ్యాటరీలు 12.2 దగ్గరున్నాయి. వెంటనే ప్లగ్గు పెట్టాను. ఇంట్లోకి వెళ్ళాక ఆ కాగితం నేనే చింపాను.

ఇప్పుడు విను. పళ్ళ డాక్టరుకి వద్దని రాయి. ముప్ఫై ఒక్కేళ్ళలో ఒక్క కంచె కూడా గుద్దనివాణ్ణి. నీకు నేను నేర్పుతాను.

ఓరెస్ట్

మర్తా, వెంటనే ఒప్పుకో. ఈయనకి ఒక పని కావాలి, అది నేను కాకుండా ఉండాలి. — సోన్యా


విక్టోరియా
మార్చి 17

ఓరెస్ట్, సోన్యా ఇద్దరికీ,

డాక్టరుగారికి వద్దని రాశాను. ఏమీ అనుకోలేదు. బండిలో ఉండే ఆ పెద్దాయనకి ఇప్పుడెలా ఉందని మాత్రం అడిగాడు.

ఏప్రిల్ ఇరవైకి వస్తున్నాను. నేర్చుకోవడం మొదలుపెట్టేది తొమ్మిదింటికి. ఏడూ పదికి నేను లేవను.

మర్తా


కనోరా
మే 24

వదినకి,

క్లియర్ సరస్సు పోస్టాఫీసుకి రాస్తున్నాను, అక్కడ అడిగి తీసుకుంటావని. క్షేమంగా చేరానని, ఇంకొన్నాళ్ళు ఉంటానని నువ్వు ఫోనులో చెప్పావట, సోన్యా చెప్పింది. మూడు రాత్రుల మకాముకి నువ్వు బయల్దేరినప్పుడు నేను చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాను కదా. నీకు ఒక సంగతి చెప్పలేదు.

నెలరోజులు నేర్పాను. సోన్యా బట్టలారేసే స్తంభాన్ని నువ్వు పడగొట్టిన రోజు తప్ప ఎప్పుడూ కంగారు పడలేదు. రైలు పట్టాల దగ్గర ఆపి, తలుపు తెరిచి, రెండు వైపులా విని కదలడం స్కూలు బస్సు పద్ధతి. నీకు అవసరం లేదు, అయినా నేర్పాను. అన్నీ వచ్చు నీకు. ఆ సంగతి తెలిసి కూడా ఇంట్లో నిలబడలేకపోయాను. నువ్వు మలుపు తిరగగానే ట్రక్కు తీశాను. సోన్యా అప్పటికే అందులో కూర్చునుంది, ఒళ్ళో రొట్టెల పొట్లంతో సహా. నాకంటే ముందే అనుకుందన్నమాట.

అర కిలోమీటరు వెనకగా వచ్చాం. కాంసాక్ ఊరు దాటాక పట్టాల దగ్గర నువ్వు బండి ఆపి, తలుపు తెరిచి, వినడం చూశాను. సోన్యా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. రోబ్లిన్ ఊరి దాకా వచ్చాం. అక్కడ పెట్రోలు బంకులో ఎనిమిది మీటర్ల బండిని వెనక్కి తీసి, ఎవరికీ తగలకుండా మళ్ళీ రోడ్డెక్కావు. “ఇక పద వెనక్కి, మనం లేకపోయినా వెళ్తుంది,” అంది సోన్యా. రొట్టెలు తిని వెనక్కి తిరిగాం.

కోప్పడకు. చెప్పకుండా చెయ్యడం మన ఇద్దరికీ అలవాటైపోయింది, ఇదైనా చెబుదామని రాస్తున్నాను.

ఓరెస్ట్


క్లియర్ సరస్సు
మే 30

ఓరెస్ట్,

మూడు రాత్రులకని వచ్చి తొమ్మిదో రాత్రి గడిపాను. సరస్సు మీద మంచు పోయి పది రోజులే అయింది, నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. పక్క బండి వాళ్ళ బ్యాటరీ నిన్న పొద్దున మూగబోయింది. మూతలు తీసి చూస్తే ఎండిపోయుంది. ఆ ఇంటాయనకి పావుగంట పాఠం చెప్పాను. ‘మీ ఆయన నేర్పారా’ అని అడిగాడు. లేదు, నేనే ఆయనకి నేర్పాను, అన్నాను.

నీ ఉత్తరం చదివి కోపం రాలేదు. కాంసాక్ చేరకముందే అద్దంలో ఆకుపచ్చ ట్రక్కు కనిపించింది. ఈ జిల్లాలో అంత నెమ్మదిగా పోయే ట్రక్కు ఇంకెవరిదుంటుంది? లోయ దాటి ఎక్కే ఎత్తు దగ్గర మీరు మరీ వెనకబడ్డారు. కనబడకుండా పోతే నువ్వు కంగారు పడతావని, అక్కడ వేగం తగ్గించాను. ఇంజనుకి కష్టమై కాదు.

రోబ్లిన్‌లో మీరు వెనక్కి తిరగడం కూడా చూశాను. ఒక్క క్షణం కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. అద్దంలో మీ ట్రక్కు చుక్కంతయ్యి, తరవాత లేదు. రోడ్డు తిన్నగా ఉంది. అక్కణ్ణించి ఇక్కడిదాకా నేనొక్కదాన్నే నడిపాను.

మర్తా